మొగిలవ్వ రెండో గడియారం

మేడిపల్లిలో మొగిలవ్వ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ముందు గోడ చూసి తికమక పడతారు. గోడ మీద రెండు గడియారాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి రెండు గంటలంటే ఇంకొకటి పన్నెండున్నర అంటుంది. ఒకటి వెనకబడిందేమో, సెల్లు మార్చమని సలహా ఇచ్చిన పెద్దమనుషులు కూడా ఉన్నారు. మొగిలవ్వ నవ్వేసి, "రెండు మంచిగనే నడుస్తున్నయ్. ఒకటి మన టైం, ఇంకోటి గాయన టైం" అనేది.

గాయన అంటే ఆమె భర్త ఓదెలు. తాళ్లెక్కి కల్లు గీసే ఇంట పుట్టాడు గానీ చెట్లు తగ్గి, ఉన్న చెట్లకు మనుషులు ఎక్కువై, పదిహేడేళ్ల కింద దుబాయి పోయాడు. అక్కడ కట్టడాల దగ్గర వడ్రంగి పనిలో కుదిరాడు. ఆయన వెళ్లిన మొదటి నెలలోనే మొగిలవ్వ కోరుట్ల బజారుకు పోయి ఇంకో గడియారం కొనుక్కొచ్చింది. ముల్లు గంటన్నర వెనక్కి తిప్పి గోడకు తగిలించింది. సైటు మీద ఓదెలుకు బువ్వ గంట పన్నెండున్నరకు కొడతారు. రెండో గడియారంలో పన్నెండున్నర అయితే గానీ మొగిలవ్వ కంచం ముందు కూర్చోదు. అప్పటికి మేడిపల్లిలో పగలు రెండవుతుంది. పక్కింటి రాజక్క, "ఆకలికి సుత పాస్‌పోర్టు చేయించినవా చెల్లే?" అని ఆటపట్టించేది. ఓదెలు వారానికోసారి సెలవు రోజున ఫోన్ చేసి "తిన్నవా?" అని అడిగితే మొగిలవ్వ "ఎప్పుడో తిన్న" అనేది. ఎప్పుడో ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ అనూష ఈ గడియారాల కిందే పెరిగింది. ఎక్కాలు రాకముందే దుబాయి టైం చెప్పడం వచ్చిన పిల్ల. కోరుట్లలో డిగ్రీ అయ్యాక జగిత్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్లో చేరింది. రోజూ బస్సెక్కి పోతుంది, క్లాసులో అందరికంటే ముందు చేయి లేపుతుంది. లేపడమే కాదు, తాను చెప్పిందే చివరి మాట అనుకుంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. తెలివి ఉంది కాబట్టి ఆ గర్వం ఆమెకు బాగానే అమిరింది, ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు.

పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు ఓదెలు ఆమెకు ఒక మాట ఇచ్చాడు. "నీకు నౌకరి దొరికిననాడు ఫోన్ చెయ్యి బిడ్డా. గానాడే సంచి సదురుకుంట. మల్ల పోను." ఆయన మోకాళ్లు పట్టేస్తున్నాయని, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడని అనూష చూసింది. అప్పటి నుంచి నౌకరి అంటే ఆమెకు జీతం కాదు, బాపు ఇంటికి రావడం.

ఆ నౌకరి కూడా కనుచూపు దూరంలోకి వచ్చింది. సిరిసిల్లలో ఆడపిల్లల కోసం కొత్తగా ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం తెరుస్తున్నారు. మొదలుపెట్టే వాళ్లకు ప్రోగ్రాములు నేర్పడానికి ఒక మనిషి కావాలి. జగిత్యాల సెంటర్ నుంచి ఒక్క పేరు పంపమన్నారు. పంపాల్సింది అక్కడి మాస్టారు జితేందర్. ఆ పేరు తనదేనని అనూషకు అనుమానమే లేదు.

ఆ వారం జితేందర్ సార్ క్లాసుకు ఒక చిన్న అభ్యాసం ఇచ్చాడు. ప్రోగ్రాం రెండు సంగతులు తీసుకోవాలి: ఇక్కడి టైం ఒకటి, ఇంకో ఊరికి మనకు ఉన్న తేడా ఇంకొకటి. ఆ రెండూ చూసి ఆ ఊళ్లో టైం ఎంతో చెప్పాలి. ఉదాహరణ కూడా కాగితం మీద ఉంది. ఇక్కడ పగలు రెండు, అక్కడ గంటన్నర వెనక, జవాబు పన్నెండున్నర.

అనూష కాగితం సగం చదివి నవ్వుకుంది. రెండుకు పన్నెండున్నర! ఇది తన ఇంటి గోడ. ఇచ్చిన టైంలోంచి గంటన్నర తీసెయ్యమని నాలుగు వరుసలు రాసి, నడిపి చూసింది. పన్నెండున్నర వచ్చింది. మూడు నిమిషాల్లో చేయి లేపింది. విచిత్రం ఏమిటంటే ఆ రోజు క్లాసులో ఇరవై రెండు మంది ఉంటే ఇరవై రెండు మందీ అదే రాశారు. అన్నో, మామో, నాయనో దుబాయిలో లేని ఇల్లు ఆ పిల్లల్లో ఒక్కరిదీ లేదు మరి. తేడా ఎంతో అడగాలని ఒక్కరికీ తోచలేదు. ఆ సంగతి వాళ్లకు పుట్టుకతోనే తెలుసు.

జితేందర్ సార్ అనూష కంప్యూటర్ ముందు కూర్చుని పగలు రెండు అని కొట్టాడు. పన్నెండున్నర అంది. "మరి తేడా రెండున్నర అని యాడ చెప్పాలె?" అని అడిగాడు.

"చెప్పేది లేదు సార్. ఒకటిన్నర నేనే పెట్టిన."

"ఎందుకు?"

"దుబాయికి ఒకటిన్నరనే గద సార్. అందరికి తెల్సిందే, మల్ల అడుగుడెందుకు?"

"దుబాయి పేరు కాయితంల ఉన్నదా?"

అనూష కాగితం మళ్లీ చూసింది. లేదు. ఉదాహరణలో కూడా లేదు. సార్ ఈసారి రాత్రి ఒంటిగంట అని కొట్టాడు. ప్రోగ్రాం ఏమాత్రం సిగ్గు లేకుండా మైనస్ ముప్పై నిమిషాలు అని చెప్పింది. మైనస్ ముప్పై గడియారంలో ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. క్లాసంతా గొల్లున నవ్వింది. నవ్విన వాళ్ల ప్రోగ్రాములూ అదే చెబుతాయని వాళ్లకు ఇంకా తట్టలేదు.

"నువ్వు లెక్క చెయ్యలే అనూషా. జవాబు తెల్సుకొని జవాబు రాసినవ్" అన్నాడు సార్. గొంతు పెంచలేదు, అదే ఆమెకు ఎక్కువ తగిలింది. తర్వాత పక్కకు పిలిచి ఒక కాగితం చూపించాడు. సిరిసిల్లకు పోవాల్సిన కాగితం. దాని మీద ఆమె పేరు పెన్సిల్‌తో రాసి ఉంది. "పెన్నుతోటి రాద్దామనుకున్న. గని నిన్ను గిట్లనే పంపితే ఆడి పిల్లలకు సుత ఒక్క దుబాయే నేర్పుతవ్. సోమవారం దాక టైం ఇస్తున్న. ఏం అంకె ఇచ్చినా తట్టుకునేటట్టు రాసుకొని రా. లేకుంటే వేరే పేరు చూసుకుంట."

బస్సులో అనూషకు ఒళ్లు మండిపోయింది. మొదట సార్ మీద, తర్వాత కాగితం మీద, మేడిపల్లి వచ్చేసరికి తన మీద. ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచింది. ఓడిపోవడం ఆమెకు అలవాటు లేదు. దుబాయి అయితే గంటన్నర, సౌదీ అయితే రెండున్నర, ఖతర్ అయితే రెండున్నర, మస్కట్ అయితే గంటన్నర, ఇరాక్ అయితే రెండున్నర. దేశం పేరు అడగడం, పేరును బట్టి అంకె తీయడం. రెండు పేజీలు నిండాయి. ఇంకెవరు ఏ దేశం పేరు చెప్పినా తన దగ్గర ఉందనుకుంది. మరునాడు పొద్దున రాజక్క వచ్చి, మాటల్లో మాటగా తన మేనల్లుడు మాల్దీవులకు పోతున్నాడని చెప్పింది. అనూష నోటుబుక్కు ముందేసుకుని నోరు వెళ్లబెట్టింది. మాల్దీవులు ఎక్కడున్నాయో కూడా ఆమెకు సరిగ్గా తెలియదు.

ఆ రోజే ఓదెలు ఫోన్ చేశాడు. దుబాయి పని ముగిసింది, కంపెనీ తమను సౌదీ సైటుకు పంపుతోంది, రేపే ప్రయాణం అన్నాడు. పని అదే, బువ్వ గంట కూడా అదే. మొగిలవ్వ అన్నీ విని, ఫోన్ పెట్టేశాక బిడ్డ వైపు తిరిగింది.

"సౌదీకి మనకు ఎంత తేడానే?"

"రెండున్నర. దుబాయి కంటే ఇంకో గంట వెనకకు."

మొగిలవ్వ స్టూలు తెచ్చుకుంది. ఎక్కి, రెండో గడియారం దింపి, చీర కొంగుతో అద్దం తుడిచింది. వెనకనున్న చిన్న చక్రాన్ని వేలితో తిప్పి ముల్లును ఒక గంట వెనక్కి జరిపింది. మళ్లీ తగిలించి దిగింది. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు.

అనూష ఊరికే చూడలేక, "దుబాయి గడియారం పోయె, ఇగ సౌదీ గడియారం" అంది.

"దుబాయి గడియారమేంది పిచ్చిదానా? కోరుట్ల గడియారం. నేను కొన్ననాడు దుకాణపాయన ఏ దేశంకని అడగలే. దేశం మారితే ముల్లు తిప్పుకోవాలె గని గడియారం మారుస్తమా?"

అనూష తల్లిని చూసింది, గోడను చూసింది. ఒళ్లో ఉన్న రెండు పేజీల దేశాల పేర్లు చూసింది. తాను చేసింది దేశానికో గడియారం కొని గోడంతా నింపడం. తల్లి పదో తరగతి కూడా చదవలేదు. కానీ తేడాను గడియారం లోపల బిగించెయ్యకుండా, బయట నుంచి తిప్పుకునే చోట ఉంచింది. ఆ చక్రం సంగతి చిన్నప్పటి నుంచి తన కళ్ల ముందే ఉంది. సిగ్గేసింది. ఆ వెంటనే గట్టిగా నవ్వొచ్చింది. రెండు పేజీలూ చింపి పొయ్యి దగ్గర పెట్టింది.

ఆదివారం పొద్దంతా నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది. ఈసారి ప్రోగ్రాంలో ఏ దేశం పేరూ లేదు, ఒకటిన్నర అనే అంకె కూడా లేదు. ఇక్కడి టైం అడుగుతుంది, తేడా అడుగుతుంది. అవతలి ఊరు వెనకుంటే తేడా ముందు మైనస్ పెట్టాలి, ముందుంటే పెట్టక్కర్లేదు. గంటలనూ నిమిషాలనూ కలిపి ఒకే కుప్పగా నిమిషాలు చేసింది, తేడాను ఆ కుప్పలో కలిపింది. రోజుకు నిమిషాలు పద్నాలుగు వందల నలభై కాబట్టి కుప్ప అంతకు మించితే రేపటిలోకి, సున్నా కంటే తగ్గితే నిన్నటిలోకి పోయేలా రాసింది. రాయడం మధ్యాహ్నానికే అయిపోయింది. తర్వాత తన ప్రోగ్రాంకు తానే శత్రువై కూర్చుంది. ఎలా ఓడగొట్టాలా అని వెతికి వెతికి అంకెలు పోగు చేసింది. రాత్రి ఒంటిగంట ఇచ్చి చూసింది. ముందున్న దేశం ఇచ్చింది. పావు గంట తేడా ఇచ్చింది. ఒక్కొక్కదానికి జవాబు ముందే చేతితో లెక్కగట్టి పెట్టుకుంది. చివరికి ఏ అంకే మిగలకపోతే సున్నా ఇద్దామనుకుని అది కూడా రాసుకుంది.

సోమవారం జితేందర్ సార్ పది రకాల అంకెలు కొట్టాడు. పదికి పది సరిగ్గా వచ్చాయి. పదకొండోది కొట్టబోతుంటే అనూష, "ఎన్నన్న ఇయ్యుండ్రి సార్, నాకేం భయం లేదు" అంది. సార్ నవ్వి, రబ్బరు తీసి పెన్సిల్ రాత తుడిచాడు. అదే చోట పెన్నుతో ఆమె పేరు రాశాడు.

సిరిసిల్లకు పిలుపు పది రోజుల్లో వచ్చింది. మేడిపల్లి నుంచి ఆటోలో కోరుట్లకు, అక్కడ బస్సెక్కి రుద్రంగి మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. దారి పొడవునా అనూష నోటుబుక్కు తెరవలేదు. తెరిచి చూసుకునేదేమీ మిగల్లేదు.

కేంద్రం ఒక సందులో ఉంది. సందుకు రెండు వైపులా సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, చెవులు గింగురుమనేలా నడుస్తున్నాయి. అక్కడ మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే. కేంద్రాన్ని చూసుకునే సుమలత మేడం పరీక్ష ఏమీ పెట్టలేదు. "పది మంది పిల్లలున్నరు. ఇంతకుముందు ప్రోగ్రాం అంటే ఏందో తెల్వదు. ఒక్క గంట చెప్పుండ్రి. నేను వెనక కూసుంట" అంది.

అనూష జితేందర్ సార్ దగ్గర తాను తప్పిన అభ్యాసాన్నే ఎంచుకుంది. బోర్డు మీద రాయకముందే, "మీ ఇంట్ల ఎవరన్న వేరే దేశంల ఉన్నరా?" అని అడిగింది. ఒక పిల్ల మామ ఖతర్‌లో, ఒక పిల్ల అన్న సింగపూర్‌లో. ఖతర్ రెండున్నర వెనక, సింగపూర్ రెండున్నర ముందు. ఒకే ప్రోగ్రాం ఇద్దరికీ సరైన టైం చూపించేసరికి పిల్లలు కుర్చీలు ముందుకు లాక్కున్నారు. తాను దుబాయి ఒక్కటే రాసి ఎలా బోల్తా పడిందో కూడా అనూష దాచుకోకుండా చెప్పింది. మైనస్ ముప్పై నిమిషాల దగ్గర అందరూ నవ్వారు, వెనక సుమలత మేడం కూడా.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కంప్యూటర్లు ఆరిపోయాయి. సందులో సాంచాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయి, ఎవరో దగ్గితే కూడా వినిపించేంత నిశ్శబ్దం పడింది. పిల్లలు క్లాసు అయిపోయిందనుకుని పుస్తకాలు మూశారు. ఆ నిశ్శబ్దంలో చివర కూర్చున్న పిల్ల మెల్లగా అన్న మాట అందరికీ వినబడింది. ఆ పిల్ల పేరు గీత.

"మా బాపు ఏ దేశం పోలే మేడం. మన దేశంలనే, భీవండిల సాంచాలు నడుపుతడు. గీ ప్రోగ్రాం మాకు కాదు."

సుమలత మేడం చేతిలోని పెన్ను ఆపి అనూష వైపే చూస్తోంది. తన నౌకరి ఇప్పుడు ఈ ఒక్క జవాబు మీద నిలబడిందని అనూషకు తెలిసిపోయింది. కుర్చీ ఎక్కి గోడ మీది గడియారం దింపింది. వెనక్కి తిప్పి, చిన్న చక్రం అందరికీ చూపించింది.

"కరెంట్ పోతే పోనీ, ప్రోగ్రాం గిట్లనే ఉంటది. గీ చక్రమే తేడా. ఖతర్‌కు ఎంత తిప్పాలె?" ఒక పిల్ల వచ్చి రెండున్నర గంటలు వెనక్కి తిప్పింది. "సింగపూర్‌కు?" ఇంకో పిల్ల ముందు దాన్ని సరిచేసి, అక్కడి నుంచి ముందుకు తిప్పింది. అనూష దాన్ని మళ్లీ ఇక్కడి టైంకు తెచ్చి గీత చేతిలో పెట్టింది. "భీవండికి ఎంత తిప్పుతవ్?"

గీత చక్రం మీద వేలు పెట్టి ఆలోచించింది. "ఏం తిప్పేది లేదు."

"ఏం లేదంటే సున్నా. సున్నా సుత అంకెనే. తేడా సున్నా అని ఇయ్యి, గిదే ప్రోగ్రాం నీకు సుత జవాబు చెప్తది. నీ కోసం వేరేది రాసే పని లేదు. ఊర్లెనే ఉన్నోళ్లకు, దేశం పోయినోళ్లకు, రేపు ఇంకెక్కడికన్న పోయెటోళ్లకు అందరికి ఒక్కటే."

గీత గడియారం వైపు చూస్తూ, "టైం ఒక్కటే మేడం, మనిషే దగ్గర లేడు" అంది.

అనూష గీత పక్కకు వచ్చింది. "నాకు తెల్సు చెల్లే. మా బాపు సుత లేడు, సౌదీల ఉన్నడు" అని గీత తల మీద చేయి వేసింది.

గంట అయ్యాక సుమలత మేడం ఆమెను గదిలోకి పిలిచి టీ తెప్పించింది. "నీకంటె ముందు ముగ్గురు వచ్చిన్రు. ముగ్గురిని నా నోటితోనే అడిగిన, మీరు చెప్పే లెక్కల ఇమడని పిల్ల ఉంటే ఏం జేస్తరని. గా పిల్లకు తర్వాత చెప్తమన్నరు. నువ్వు గీతను సుత లెక్కల కలుపుకున్నవ్. ఒకటో తారీఖు నుంచి రా" అంది. అనూష టీ చల్లారబెట్టి మరిచిపోయింది.

బస్టాండులో నిలబడి ఫోన్ చూసుకుంది. మూడు దాటి ఐదు నిమిషాలు. సౌదీలో బువ్వ గంట. సెలవు రోజు కాకపోయినా ఫోన్ కొట్టింది.

"ఏంది బిడ్డా, గీ యాళ్ల?" ఓదెలు గొంతులో కంగారు.

"బాపూ, సంచి సదురుకో."

అవతల ఎవరివో గిన్నెల చప్పుళ్లు వినబడ్డాయి. వాటి మధ్య ఓదెలు ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది. "సదురుత బిడ్డా. సదురుత" అన్నాడు.

కంపెనీ కాగితాలు తెమిలి ఆయన బయల్దేరేసరికి రెండు నెలలు పట్టింది. వచ్చిన పొద్దున మొగిలవ్వ స్టూలు వేసుకుంది. రెండోది ఇక అక్కర్లేదు కదా, దింపేస్తుందేమో అనుకుంది అనూష. దింపలేదు. చక్రం తిప్పి ముల్లును మొదటి గడియారంతో సమానం చేసి మళ్లీ అక్కడే తగిలించింది. "నీ కంప్యూటర్ సున్నాకు ఒప్పుకుంటది గద?" అని అడిగింది. అనూష "ఒప్పుకుంటది" అంది.

పన్నెండున్నరకు మొగిలవ్వ ఓదెలుకు కంచం పెట్టింది. ఇన్నేళ్లూ ఆయన తిన్నది ఆ టైంకేనని ఆమె లెక్క. ఓదెలు కంచం ముందు కూర్చుని, అన్నం చుట్టూ వేలితో గీత గీసి, "ఇప్పుడే ఆకలైతలేదే" అన్నాడు. "నువ్వు తినవా?"

"నాకు సుత ఆకలి కాలే. నేను మూడింటికి తింట."

"మూడింటికా? గదేం టైం?"

మొగిలవ్వ తల వంచుకుని కూరగిన్నె మూత సర్దింది. జవాబు రాజక్క చెప్పింది. మరిదిని చూద్దామని వచ్చి గడపలో నిలబడి అంతా వింటోంది. "నీ బువ్వ గంట టైం, మరిదీ. గీమె పదిహేడేండ్ల సంది గా గడియారం చూసే తింటది. దుబాయిల ఉన్నన్ని రోజులు రెండింటికి, సౌదీకి పోయినంక మూడింటికి. నీకు చెప్పనే లేదా?"

ఓదెలు గోడ వైపు చూశాడు. రెండు గడియారాలూ ఒకే టైం చూపిస్తున్నాయి. ఇన్నేళ్లలో సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆ రెండోదాన్ని చూశాడు. తన పని టైం తెలుసుకోవడానికేమో అనుకున్నాడు తప్ప ఇంకేమీ అనుకోలేదు. కంచం మీద ఇంకో కంచం మూత పెట్టి పక్కకు జరిపాడు.

"అయితే నేను సుత మూడింటికే తింట" అన్నాడు.

ఎవరూ పని చెప్పకపోయినా ఆ రెండున్నర గంటలూ ఓదెలు ఇంట్లోంచి బయటికి పోలేదు. మొగిలవ్వ చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని తనూ తుంచాడు. మూడు కాగానే ఇద్దరికీ నిజంగానే ఆకలైంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఓదెలు ఆగాడు.

"అంటే గిన్నేండ్లు మనం ఒక్క టైంకే తిన్నమా?"

"ఒక్క టైంకే తిన్నం" అంది మొగిలవ్వ. "కంచాలే దూరముండె."

అనూష ఇంకో కంచం తెచ్చుకుని వాళ్ల పక్కన కూర్చుంది.